నిమిషాలాయన యూరప్ చార్టు

సిటీ బస్సుల డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. జీతాల గుమాస్తాని వదిలేస్తే మిగతా అందరికీ ఆయన నిమిషాలాయనే. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఏ స్టాపుకి ఎప్పుడు చేరాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగి ఎవరికి బండి అప్పజెప్పాలి, ఇవన్నీ కాగితం మీద గీసి పెట్టడం ఆయన ఉద్యోగం. చేరినప్పుడు నల్లగా ఉన్న జుట్టు ఆ గీతలు గీస్తూ గీస్తూనే తెల్లబడింది. మనిషి మంచివాడే. ఒకరి జోలికి వెళ్లడు, ఒకరి సొమ్ము ఆశించడు. కాకపోతే "ఒక్క నిమిషం ఆగండి" అని ఎవరైనా అంటే నిజంగా ఒక్క నిమిషమే ఆగుతాడు.

ఆయన గీసే చార్టు తెలియనివాళ్లకి వింతగా కనిపిస్తుంది. గళ్ల కాగితం మీద అడ్డంగా వేళలు, నిలువుగా స్టాపులు. బస్సు కదులుతున్నంతసేపూ గీత ఏటవాలుగా పోతుంది. బస్సు ఆగితే గీత పడుకుంటుంది. ప్రతి ట్రిప్పు చివరా, బస్సు ఆఖరి స్టాపుకి చేరాక, ఓ చిన్న పడుకున్న గీత ఉంటుంది. డ్రైవరు కిందికి దిగి, నడుం సాగదీసి, నాలుగు గుక్కల నీళ్లు తాగి, అవసరం తీర్చుకుని మళ్లీ స్టీరింగు ముందుకి వచ్చే వ్యవధి అది. డిపోలో దాన్ని 'ఊపిరి' అంటారు. పై ఆఫీసువాళ్లకి ఆ ఊపిరంటే కంట్లో నలుసు. ఏటా దాన్ని కోసి ట్రిప్పులు పెంచమనేవాళ్లు. అంత మెత్తటి మనిషీ ఆ మీటింగులో మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, అందరూ అరిచి అలిసిపోయాక పాత చార్టే మళ్లీ బల్ల మీద పెట్టి వచ్చేసేవాడు.

ఇంకో పద్ధతి కూడా ఆయన మొదలుపెట్టిందే. ఏ చార్టయినా దాని ప్రకారం బండి తోలే డ్రైవరు చూసి, కింద కుడివైపు మూల సంతకం పెడితేనే గోడకెక్కాలి. పేచీ వస్తే గీసినవాడే బండెక్కి, ఆ చార్టు ప్రకారం ఓ పూట తిరిగి రావాలి. దాన్ని ట్రయలు అనేవాళ్లు. "నేను కుర్చీలో కూర్చుని గీస్తాను. తోలేది వాళ్లు కదా!" అనేవాడు. ఇంత న్యాయం తెలిసిన మనిషి సొంతింట్లో ఏం చేశాడో వినండి మరి.

ఆయన భార్య పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఆయా. పొద్దున్నే తల్లులు దించి వెళ్లిన పిల్లల్ని ఎత్తుకోవడం, ముక్కులు తుడవడం, తినిపించడం, జోకొట్టడం, లేచాక మళ్లీ ఎత్తుకోవడం. రోజు మొత్తంలో ఆమె కూర్చునేది పిల్లల కుర్చీల మీద, అదీ మోకాళ్లు గడ్డానికి తగిలేలా. సాయంత్రానికి చీలమండలు వాచి, చెప్పుల పట్టీల అచ్చులు పడేవి. మాట్లాడటం రాక కాదు గానీ, నోటికి అనవసరంగా పని చెప్పే అలవాటు ఆమెకి లేదు.

వాళ్లిద్దరూ కలిసి సరదాకి ఎక్కడికీ వెళ్లింది లేదు. ఊరందరికీ సెలవంటే బస్సులకి రద్దీ, బస్సులకి రద్దీ అంటే ఆయనకి డ్యూటీ. ఎప్పుడైనా ఏ ఆసుపత్రికో, చుట్టాలింటికో బస్సులో వెళ్తే, ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ముందుకెళ్లి డ్రైవరు వెనక నిలబడేవాడు. గడియారం చూసేవాడు, రోడ్డు చూసేవాడు, మళ్లీ గడియారం చూసేవాడు. పక్క సీట్లో ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవాళ్లు.

కూతురు చిన్నదిగా ఉన్నప్పుడు వాళ్లింటి గోడ మీద ఓ క్యాలెండర్ ఉండేది. అందులో యూరప్‌లోని మంచుకొండ, కింద పచ్చిక, చెక్క ఇల్లు. ఓ రోజు ఆమె నెల కాగితం తిప్పబోయి, తిప్పకుండా నిలబడి, "ఇలాంటి చోటికి మనం ఎప్పటికైనా వెళ్తామా అండీ?" అంది. ఆయన బూట్ల లేసు కట్టుకుంటూ, "రిటైరయ్యాక" అన్నాడు. ఆమె కాగితం తిప్పేసింది. ఇలాంటి మాటలు మగవాళ్లు అని మర్చిపోతారని లోకంలో ఓ నిందుంది. ఈయన మర్చిపోలేదు. జీతంలోంచి అప్పుడింత అప్పుడింత పక్కన పెడుతూనే వచ్చాడు. అది ఆమెకి చెప్పనూ లేదు.

ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. తన ఆఖరి డ్యూటీ అయిన మర్నాడే ఆయన భోజనాల బల్ల మీద గళ్ల కాగితం పరిచి, "యూరప్" అని పైన రాశాడు. ఆమె చూసింది. కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి ఆయన ఇక ఆగలేదు.

కూతురు అదే ఊళ్లో, కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. సాయంత్రాలు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి వెతికేది, ఆయన గీసేవాడు. దొరికిన చవక దారులు కూడా ఇన్నీ అన్నీ కావు. తెల్లారకముందు ఎగిరే విమానాలు చవక. ఊరికి దూరంగా ఉన్న విమానాశ్రయంలో దిగితే ఇంకా చవక. రాత్రి బస్సులో ప్రయాణిస్తే ఆ రాత్రి గది అద్దె మిగులు. మూసేసే ముందు వెళ్తే కొన్ని మ్యూజియాల్లో టికెట్టు తక్కువ. పక్క దేశం ఎలాగూ పక్కనే ఉంది కాబట్టి అదీ ఓ పూట. విడివిడిగా చూస్తే ఒక్కోటీ బంగారంలాంటి బేరమే. కానీ చవగ్గా దొరికిన గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టేస్తే చొక్కా అవుతుందేమో గానీ, అది మనిషికి పట్టాలి కదా!

ఆయనకి ఆ ధ్యాసే లేదు. కాలు నిలవనివ్వని ఉత్సాహం. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న భార్యకి అక్కణ్నుంచే కేకలేసేవాడు.

"ఏమోయ్, కాలవల ఊరు కూడా కలిపేశాను!"

"ఊఁ" అనేది ఆమె.

"పక్కకి ఒరిగిన గోపురం చూసి, అదే రోజు సాయంత్రానికి ఇనుప గోపురం ఊరికి బస్సు!"

"ఊఁ."

మొదట్లో ఆ 'ఊఁ' పొడుగ్గా, తియ్యగా ఉండేది. పోనుపోను కుదించుకుపోయింది. ఇంట్లో వేళలన్నీ పసిగట్టే మనిషికి ఆ 'ఊఁ' చిన్నదవుతోందని మాత్రం తెలియలేదు.

చార్టు పూర్తయిన రోజు మీసాల డ్రైవరు వచ్చాడు. డిపోలో ఆయనతో పాటే ముసలైన మనిషి, ఇంకా కొన్నాళ్ల సర్వీసు ఉంది. "వదినగారూ, టీ దొరుకుతుందా?" అంటూ వచ్చి కూర్చుని, అలవాటుగా జేబులోంచి కళ్లజోడు తీసి చార్టు మీదికి వంగాడు.

"ఏ రూటు సార్ ఇది? కొత్తదా?"

"రూటు కాదయ్యా, యూరప్! ఏడు దేశాలు. ఎంతలో అయిపోతోందో తెలిస్తే నోరెళ్లబెడతావు."

డ్రైవరు వేలితో గీత వెంట పోయాడు. పైకెక్కాడు, కిందికి దిగాడు, మళ్లీ పైకెక్కాడు. కాగితం చివరికొచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలుపెట్టాడు.

"సార్, ఊపిరేది?"

"రాత్రిళ్లు బస్సులో పడుకుంటాం కదా."

"బస్సు పరిగెడుతుంటే గీత వాలుగానే ఉందిగా సార్. పడుకున్న గీత ఏది? ఇక్కడ దిగగానే అటు ఎక్కేశారు. భోజనం ఎక్కడా?"

"రొట్టె కొనుక్కుని నడుస్తూ తినేస్తాం. టైము కలిసొస్తుంది."

మీసాల డ్రైవరు పడీపడీ నవ్వాడు. "ఇదే మాకిస్తే యూనియన్‌ని పిలిచేవాళ్లం. ఇంతకీ కింద మూల ఖాళీగా ఉందే, దీని మీద సంతకం ఎవరిది సార్?"

సరదాకే అన్నాడు పాపం. కానీ అప్పుడే టీ కప్పులతో వచ్చిన ఆమె ఆ మాట విని ఆగింది. కప్పులు పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, మొదటిసారి ఆ కాగితాన్ని ఆ మూలనుంచి ఈ మూలదాకా చూసింది.

"నేను పెట్టనండీ" అంది.

ఆయన నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"నాకంత ఓపిక లేదు. మీరు వెళ్లి రండి. అమ్మాయిని తోడు తీసుకెళ్లండి." కోపంగా కూడా అనలేదు. ఇంకో మిఠాయి కావాలని మారాం చేసే పిల్లాడికి లేదని చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లిపోయింది. మీసాల డ్రైవరుకి టీ గొంతు దిగలేదు. సగం కప్పు అలాగే వదిలేసి చెప్పులు వేసుకున్నాడు.

ఆయన చార్టు చుట్టచుట్టి బీరువా మీద పడేశాడు. అన్నం దగ్గర తల ఎత్తడం మానేశాడు. మనసు నిజంగా నొచ్చుకుంది. ఎవరి కోసం ఇదంతా? ఆయనకి మంచుకొండలతో ఏం పని? ఆమె అడిగింది, ఆయన మాటిచ్చాడు, ఇన్నేళ్లు గుండెల్లో పెట్టుకుని మోశాడు. ఇప్పుడు ఆమే రానంటే యూరప్ ఉండి ఏం లాభం, లేక ఏం నష్టం?

ఓ సాయంత్రం కూతురొచ్చి తండ్రి ముందు కూర్చుంది. "నాన్నా, విమానం టికెట్లు రోజురోజుకీ పైకెక్కుతున్నాయి. ఈ వారంలో కొనకపోతే మన డబ్బుకి అందవు. అమ్మ వస్తుందా రాదా, తేల్చు."

"రానని ఎలా అంటుందే? దాని కోసమే కదా!"

"అమ్మ కోసమే. నిజమే. ఏం చూడాలనుందో అమ్మనడిగావా?"

ఆయన లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్లాడు. బతిమాలడం చేతకాక ఆఫీసు గొంతుతో అన్నాడు: "సంతకం పెట్టనంటే కారణం చెప్పాలి. డిపోలో అదే రూలు."

ఆమె స్టవ్ తగ్గించింది. ఇన్నేళ్లూ అన్నం దగ్గర ఆయన చెప్పిన డిపో కబుర్లు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని ఉన్నాయి. "పేచీ వస్తే గీసినవాళ్లే బండెక్కి తిరిగి రావాలని కూడా రూలేగా. ట్రయలు తియ్యండి. ఏదో ఒక రోజుది. మన ఊళ్లోనే. నేనూ వస్తాను."

ఇంకేం, నిమిషాలాయన పౌరుషం లేచి కూర్చుంది. నిరూపించి చూపిస్తాననుకున్నాడు.

ఆదివారం నాడు పెట్టుకున్నారు ట్రయలు. చార్టులోంచి మూడో రోజు తీసుకున్నారు. విమానాశ్రయం బదులు ఊరి చివర బస్టాండు, రాజుగారి కోట బదులు జంతుప్రదర్శనశాల, ఒరిగిన గోపురం బదులు గడియార స్తంభం. మ్యూజియానికి మాత్రం మ్యూజియమే ఉంది. పెట్టె నిండా పాత పత్రికలు కుక్కి, బరువు సరిపోయిందో లేదో ఆయనే ఎత్తి చూశాడు. ఇంకా పాలవాడు కూడా రాని వేళ తాళం వేసి బయల్దేరారు.

మొదటి బస్సు అందింది. రెండో బస్సూ అందింది. "చూశావా?" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. జంతుప్రదర్శనశాలలో ఏనుగు ఇంకా నిద్రలేవలేదు. అది లేచేదాకా ఆగడానికి చార్టులో చోటు లేదు. గడియార స్తంభం మెట్లు ఎక్కి, పైన గాలి తగిలేలోపు దిగేశారు. పెట్టె చక్రం ఒకటి గతుకులో పడి వంకర తిరిగింది. అప్పట్నుంచి అది ఆయన్ని ఎడమకి లాగడం, ఆయన దాన్ని కుడికి లాగడం. రొట్టె నడుస్తూనే తిన్నారు. టమాటా ముక్క జారి చొక్కా మీద పడింది. తుడుచుకుందామని ఆగబోయి, గడియారం చూసి నడిచాడు. ఆమె మాత్రం కేంద్రంలో పిల్లల వరస వెనక నడిచినట్టు నిదానంగా వెనకే వచ్చింది.

మ్యూజియంలో పాత కుండలున్న గది చల్లగా ఉంది. గది మధ్యలో చెక్క బెంచీ. "ఒక్క నిమిషం" అని కూర్చున్నాడు నిమిషాలాయన. అంతే. పెట్టె మీద చెయ్యి, చెయ్యి మీద తల, నోరు కాస్త తెరుచుకుని, లోకం తెలియని నిద్ర. కాపలా మనిషి లేపబోయి దగ్గరికొస్తే ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. అతను కిటికీ తెర కాస్త జరిపి ఎండ మొహం మీద పడకుండా చేసి వెళ్లాడు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ రంగు మారిపోయింది. ఆయన గాభరాగా లేచాడు.

"ఎంతసేపు పడుకున్నాను?"

"నిద్రపోయేవాళ్లకి నేను లెక్క కట్టను" అంది ఆమె. "పిల్లలకీ కట్టలేదు, మీకూ కట్టను."

చార్టు ప్రకారం ఈపాటికి వాళ్లు ఇంకో దేశంలో ఉండాలి. ఆయన ఆ మాట అనబోయాడు. అప్పుడు కనిపించాయి ఆమె కాళ్లు. చెప్పులు విప్పి చల్లటి నేల మీద ఆనించి కూర్చుంది. చీలమండలు ఉబ్బిపోయి, పట్టీల అచ్చులు ఎర్రగా, లోతుగా పడి ఉన్నాయి. ఆ కాళ్లతోనే పొద్దున్నుంచీ తన వెనక నడిచింది. ఊళ్లో ఉన్న డ్రైవర్లందరి నడుముల గురించీ పై ఆఫీసుతో పోట్లాడిన మనిషికి సొంత భార్య కాళ్లు ఇన్నేళ్లకి కనబడ్డాయి. ఆయనకి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. కుండల వైపు తిరిగి కాసేపు వాటినే చూశాడు.

"నీకేం చూడాలనుంది?" అన్నాడు చివరికి, అటే చూస్తూ.

ఆమె ముందు వాచిన చీలమండ నిదానంగా రాసుకుంది. ఇన్నాళ్లకి అడిగిన ప్రశ్న కదా, తొందరేముంది?

"బస్సెక్కాలి."

"ఏ బస్సు?"

"ఏదైనా సరే. ఆ ఊళ్లో మామూలు బస్సు. మొదటి స్టాపులో ఎక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్లాలి. కిటికీ పక్కన నేను, నా పక్కన మీరు."

"దానికి యూరప్ దాకా ఎందుకు?"

"ఇక్కడ బస్సెక్కితే మీరు డ్రైవరు వెనక నిలబడతారు. ఒక్కసారైనా నా పక్కన కూర్చున్నారా?"

ఎందుకు కూర్చోలేదు అనబోయి, ఎప్పుడు కూర్చున్నానా అని వెతుక్కున్నాడు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు, కూతురి పెళ్లి చీరలకి వెళ్లినప్పుడు, ఆమె అక్క పోయినప్పుడు కూడా. అన్నిట్లోనూ ఆమె వెనక సీట్లో, దూరంగానే కనిపించింది. పక్కనుంచి కనిపించలేదు.

ఇంటికొచ్చాక కొత్త గళ్ల కాగితం తీశాడు. ఈసారి పెన్సిల్ ఆయన దగ్గర, రబ్బరు ఆమె దగ్గర. ఆమె రబ్బరు కదిలినప్పుడల్లా ఓ దేశం ఎగిరిపోయింది. కాలవల ఊరు పోయింది, ఇనుప గోపురం పోయింది. పోయినకొద్దీ ఆయన గుండె గతుక్కుమన్నది గానీ, పక్కన కూర్చుని ఖర్చులు కూడుతున్న కూతురు మొహం విప్పారింది. "నాన్నా, ఊళ్లు తగ్గితే ఖర్చూ తగ్గిపోతోంది. టికెట్లకే కదా సగం పోతున్నది!" అంది. దేశాలన్నీ చవగ్గా తిరగడానికి ఆయన పడ్డ పాట్లకంటే, తిరగకుండా ఉండటం చవకని అప్పుడు తేలింది.

చివరికి రెండే ఊళ్లు మిగిలాయి, ఒకటి చదునులో, ఒకటి కొండ కింద. అక్కడ వేసవి సెలవులైపోయి బడులు తెరిచాక వెళ్తే రద్దీ ఉండదు, గదులు తక్కువకి దొరుకుతాయి, చలి కూడా ఇంకా ముదరదు. కూతురు ఓ రొట్టెల దుకాణం పైన, స్టవ్ ఉన్న గది వెతికిపెట్టింది. పొద్దున వండుకోవచ్చు, మధ్యాహ్నం పార్కులో తినొచ్చు. సిటీ బస్సులకి వారం పాసు. మ్యూజియానికి ఉచితంగా రానిచ్చే రోజు చూసుకుని ఒక్కటంటే ఒక్క మ్యూజియం. కొండ మీదికి పర్యాటకుల ఖరీదు రైలు బదులు, అక్కడి జనం ఎక్కే మామూలు రైలు.

ఇవన్నీ అయ్యాక ఆమె పెన్సిల్ లాక్కుని ఓ రోజు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పడుకున్న గీత గీసింది.

"మరీ రోజంతానా?" అన్నాడు ఆయన, ఒళ్లు జలదరించి.

"ఊఁ" అంది ఆమె. పాత రోజుల్లోలాగా, పొడుగ్గా. తర్వాత కుడివైపు మూల గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. మర్నాడు మీసాల డ్రైవరు వచ్చి, కళ్లజోడు పెట్టుకుని ఆ సంతకం చూసి, టీ రెండు కప్పులు తాగి వెళ్లాడు.

వెళ్లారు. కొండ క్యాలెండర్‌లో ఉన్నంత నీలంగా లేదు. సగం మబ్బు పట్టి ఉంది. ఆమె పచ్చిక మీద కూర్చుని, రొట్టెలో జున్నూ టమాటా పెట్టి ఆయనకోటి ఇచ్చి, తనోటి తిని, "బాగుంది" అంది. మబ్బు విడేదాకా కూర్చున్నారు. విడాక కూడా కూర్చున్నారు. మ్యూజియంలో ఒక్క గదే చూశారు. చేపలు అమ్మే స్త్రీ బొమ్మ ముందు ఆమె చాలాసేపు నిలబడి, "ఈమె కాళ్లూ వాచాయి చూడండి" అంది. ఆయన చూశాడు. నిజమే.

పడుకున్న గీత రోజు వచ్చింది. ఇద్దరూ కింద దుకాణంలో వేడి రొట్టె కొనుక్కుని, వీధి చివర స్టాపులో మొదట వచ్చిన బస్సెక్కారు. దాని నెంబరు కూడా చూడలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఆయన కాళ్లు అలవాటు చొప్పున ముందుకే వెళ్లాయి. డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని, మణికట్టు కూడా పైకెత్తాడు. ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. ఆమె పిలవలేదు. పక్క సీటు మీద చెయ్యి పెట్టి, ఎవరూ కూర్చోకుండా కాపలా కాస్తోంది. గబగబా వచ్చి కూర్చున్నాడు. ఆమె చెయ్యి తియ్యడం ఒక్క క్షణం ఆలస్యమై ఆయన కింద ఇరుక్కుంది. ఇద్దరూ నవ్వారు.

బస్సు ఊరంతా తిరిగింది. దుకాణాలు దాటి, బడి దాటి, ఆరేసిన బట్టల మేడలు దాటి పోయింది. ఆమె కిటికీలోంచి చూసింది. ఆయన ఆమెని చూశాడు. కనుబొమ్మ దగ్గర ఓ చిన్న మచ్చ ఉంది. ఎప్పట్నుంచి ఉందో. ఎండ నులివెచ్చగా పడుతుంటే ఆమె తల వాలి వాలి, ఆయన భుజం మీద ఆగింది. ఒళ్లెరగని నిద్ర. ఎంతమంది పిల్లల్ని జోకొట్టిన మనిషో.

ఆఖరి స్టాపు వచ్చింది. జనం దిగిపోయారు. డ్రైవరు నడివయసు ఆడమనిషి, సీట్లోంచి లేచి, వీళ్లని చూసి దగ్గరికొచ్చింది. దిగాలి అన్నట్టు చేత్తో చూపించింది. ఆయనకి ఆమె భాష రాదు. లేవలేదు కూడా, లేస్తే తల జారుతుంది. నిద్రపోతున్న భార్యని చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టి చూపించి, దణ్ణం పెట్టినట్టు తల వంచాడు. జీవితమంతా డ్రైవర్లకి నిమిషాలు ఇచ్చిన మనిషి, మొదటిసారి ఓ డ్రైవరుని అడిగాడు.

డ్రైవరు గడియారం చూసుకుంది. భుజం మీద తలని చూసింది. వెళ్లి ఇంజను ఆపేసింది. ఫ్లాస్కు తీసుకుని దిగి, చెట్టు నీడలో నడుం వెనక్కి వంచి సాగదీసి, మూతలో కాఫీ పోసుకుని అరుగు మీద కూర్చుంది. అది ఆమె ఊపిరని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందులో సగం తన భార్యకి పంచి ఇచ్చిందని కూడా తెలిసింది. భుజం తిమ్మిరెక్కింది. కదల్లేదు.

భార్య కళ్లు తెరిచేసరికి బస్సు నిశ్శబ్దంగా ఉంది, బయట ఎవరో కాఫీ మూత దులుపుతున్నారు.

"అయ్యో, ఎంతసేపు పడుకున్నానండీ?"

నిమిషాలాయన మణికట్టు వైపు చూడబోయి ఆగిపోయాడు.

"చూసుకోలేదు" అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నిజంగానే చూసుకోలేదని అర్థమైంది. తల మళ్లీ ఆ భుజం మీదే పెట్టి, ఈసారి నిద్రపోకుండా, బస్సు కదలడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.